నవ్వే ముందు ఫోర్కు చూడు, అల్లుడూ

అల్లుడూ, మీ ఆదివారం రైడ్ల గురించి నలుగురూ మంచిగా చెప్పుకుంటుంటే విని నాకు చాలా సంతోషంగా ఉంది. తెల్లవారకముందే లేచి, లైట్లు పెట్టుకుని, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగి, గుంతొస్తే వెనకవాడికి చేత్తో చూపిస్తూ ఒక క్రమంలో సాగే గుంపును తయారుచేశావు. ఈ ఊరి ట్రాఫిక్‌లో అది చిన్న పని కాదు. నీ మీద అంత నమ్మకం ఉంది కాబట్టే ఒక మాట నీ చెవిన వేస్తున్నాను. ఆన్‌లైన్‌లో డిస్కౌంటుకు కొన్న సైకిళ్ళంటే, మామూలు రోడ్డు బైకులా కనపడని బండ్లంటే మీ గుంపులో చులకన పెరుగుతోంది. దాన్ని మొదలుపెట్టింది నువ్వు కాదని నాకు తెలుసు. కానీ నీ ఎదురుగా ఎవరైనా ఎగతాళి చేస్తుంటే నువ్వు నోరు మెదపకపోతే, కొత్తగా వచ్చినవాడు అది నీ మాటే అనుకుంటాడు. పెద్దరికం నెత్తిన వేసుకున్నాక మౌనానికి కూడా నువ్వే జవాబుదారీ.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చాక అక్కడికి రకరకాలవాళ్ళు వస్తున్నారు. పోయిన నెల నార్సింగి దగ్గర మీరంతా టీ తాగుతుంటే ఓ కుర్రాడు లావు టైర్ల బండి మీద వచ్చాడు. ఫ్రేము మీద 21 గేర్లని పెద్ద అక్షరాలు. ‘డబ్బా సైకిల్ వచ్చిందిరోయ్’ అన్నాడు మీలో ఒకడు. అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తెలియక ఆ కుర్రాడూ నవ్వాడు. ఆ బండి ముందుభాగం నువ్వు చూశావా? ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. ఎడమ కాడకు వెనకవైపు ఉండాల్సిన డిస్కు బ్రేకు కుడివైపున ముందుకొచ్చి కూర్చుంది. బ్రేకు వైరు హ్యాండిల్ మెడ చుట్టూ తిరిగి బిగుసుకుపోయింది. మలుపు తిప్పితే బూటు కొన చక్రానికి తగులుతోంది. మీలో కొందరు లక్షలు పోసిన బండ్ల మీద ఉన్నారు, చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పగలరు. అలాంటివాళ్ళలో ఒక్కరికీ ఆ ఫోర్కు కంటపడలేదు. డబ్బా సైకిల్ అని తేల్చేశాక ఇంక దాన్ని చూడాల్సిన పనేముందిలే అనుకున్నారు. అలెన్ కీతో హ్యాండిల్ వదులుచేసి, ఫోర్కును సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగిస్తే సరిపోయే పని అది. నేను చేస్తే కాసేపట్లో అయిపోయింది. అప్పటివరకూ ఆ పిల్లాడు ఆ బండి మీదే లారీలు తిరిగే సర్వీసు రోడ్డులో వచ్చాడు.

నాకు బాధ కలిగించింది ఆ నవ్వు ఒక్కటే కాదు. చులకన మీ కళ్ళకు గంతలు కట్టింది. ఆ క్షణంలో అక్కడ అందరికంటే మీ సాయం ఎక్కువ అవసరమైనవాడు అతనే. మీకున్న జ్ఞానం పనికొచ్చే చోటూ అదే.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బండికి అసలు లోపం ఎక్కడుంటుందో చెబుతాను. కార్ఖానాలో చాలామటుకు అమర్చి, హ్యాండిల్ పక్కకు తిప్పి, ముందుచక్రం, పెడళ్ళు, సీటు విడిగా పెట్టి అట్టపెట్టెలో సర్దుతారు. 85 శాతం బిగించే పంపామని రాస్తారు. మనిషి ప్రాణం ఆ మిగిలిన 15 శాతంలో ఉంటుంది. షాపులో కొంటే ఆ పని మెకానిక్ చేస్తాడు. పెట్టెలో వస్తే, ఇంట్లో నేల మీద అట్టలు పరుచుకుని, సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పెట్టెలో ఇచ్చిన రేకు పానాతో కొన్నవాడే చేసుకుంటాడు. ఎడమ పెడలుకు మరలు ఎదురు తిరుగుతాయని అతనికి ఎవరు చెప్పారు? ఎల్, ఆర్ అని పెడలు ఇరుసు చివర చిన్న అక్షరాలుంటాయి, వెలుతురులో పెట్టి చూస్తేగానీ కనపడవు. కుడిది ఎడమవైపు పెట్టి బలవంతంగా బిగిస్తే క్రాంకు మరలు చెడిపోతాయి. పది రోజులు బాగానే తిరిగి, పదకొండో రోజు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పెడలు ఊడొస్తుంది.

సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అది బయటకు కనపడకూడదు. చవక బండ్లలో హ్యాండిల్ రాడ్డు మీదా అలాంటి గీతే ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళు ఎత్తు సరిపోలేదని దాన్ని పైకి లాగి గీత దాటించేస్తారు. ముందుచక్రానికి క్విక్ రిలీజ్ ఉంటే దాని మీటను మడిచి మూయాలి. తెలియనివాళ్ళు రెక్కల నట్టులా తిప్పి తిప్పి వదిలేస్తారు. చక్రం గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. వెనక గేరు మార్చే డిరేలర్‌కు హెచ్, ఎల్ అని రెండు చిన్న మరలుంటాయి. ఎల్ సరిగ్గా లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు చైను పెద్ద పళ్ళచక్రాన్ని దాటి చువ్వల్లో పడుతుంది. డిరేలర్ కూడా దాంతోపాటే లోపలికి పోతుంది. ఇవన్నీ నీకు కంఠోపాఠం. నాలుగు నిమిషాల్లో చూసి చెప్పగలవు. చవక బండికి తప్పిపోయింది తెలిసినవాడి చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి నీకుంది.

అయితే చవక బండ్లన్నీ బంగారమని నేననను, అలా చెప్తే నిన్ను మోసం చేసినట్టే. ఇనుప ఫ్రేముకు ముందూ వెనకా స్ప్రింగులు పెట్టి తక్కువ ధరకు అమ్మే బండ్లు బరువెక్కువ, ఆ స్ప్రింగులు రోడ్డు మీద తొక్కే బలాన్ని తినేస్తాయి. ఆ ధరకు స్ప్రింగుల్లేని మామూలు హైబ్రిడ్ సైకిలో, బాగా చూసుకున్న పాత బండో తీసుకుంటే హాయి. చవక బండ్లలో వెనక పళ్ళచక్రాల గుత్తి మరలతో హబ్బుకు బిగుస్తుంది. కుడివైపు బేరింగు లోపలికి జరిగిపోయి ఇరుసు చివర ఆధారం లేకుండా మిగులుతుంది. మనిషి కాస్త బరువున్నవాడైతే, దారి గుంతలదైతే ఆ ఇరుసు వంగుతుంది. కొనబోయేవాడు అడిగితే ఈ సంగతి దాచకుండా చెప్పు. ఇంకొకటి, పెద్ద కంపెనీల పేర్లు అంటించి ఎక్కడెక్కడినుంచో వచ్చే నకిలీ కార్బన్ ఫ్రేములు. వాటి దగ్గర మొహమాటపడొద్దు. లోపల పొరలు ఎలా వేశారో ఎవరికీ తెలియని ఫ్రేము మీద దిగుడులో 60 కిలోమీటర్ల వేగంతో పోవద్దని గట్టిగా చెప్పు. ఆ కోపం అమ్మినవాడి మీద చూపించు, కొన్నవాడి మీద వద్దు. డబ్బు పోగొట్టుకున్నది అతనే.

అసలు ‘ఆన్‌లైన్ బండి’ అనే మాటను తిట్టులా వాడటం నాకు అర్థం కాదు. జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉన్న కెన్యన్ కంపెనీ తన బండ్లను ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే అమ్ముతుంది, పెట్టెలోనే పంపుతుంది. 2023లో గ్లాస్గోలో మాథ్యూ వాన్ డెర్ పూల్ ప్రపంచ రోడ్ రేసు గెలిచింది ఆ కెన్యన్ మీదే. అతని తాతగారు రేమోఁ పూలిదోర్ గురించి నీకు చిన్నప్పుడు చెప్పాను, ఫ్రాన్స్ మొత్తం ఇష్టపడిన రైడర్. ఆయన 1960 నుంచి 1977 దాకా మెర్సియే పేరున్న జట్టులోనే తొక్కాడు. ఇవాళ అమెరికాలో డిస్కౌంటుకు ఆన్‌లైన్‌లో అమ్మే బండ్ల మీద ఆ మెర్సియే పేరు కనపడుతుంది. మోటోబెకాన్ అనే ఇంకో పాత ఫ్రెంచి పేరూ అంతే. పాత పేరు కొనుక్కుని కొత్త ఫ్రేముకు అంటిస్తారని అక్కడి రోడ్డు రైడర్లకు ఆ బండ్లంటే చిన్నచూపు. ఆ ఫ్రేముల్లో చాలావాటిని తయారుచేసే తైవానే పెద్ద పెద్ద పేర్ల ఫ్రేములనూ ఏళ్ళ తరబడి తయారుచేసింది. 1972లో మొదలైన జెయింట్ కంపెనీ తన పేరు ప్రపంచానికి తెలియక ముందు అమెరికా ష్విన్‌కు బండ్లు చేసిపెట్టింది. స్పెషలైజ్డ్ కంపెనీలో తైవాన్ మెరిడాకు 2001 నుంచి పెద్ద వాటా ఉంది. పేరు ఎక్కడ పుట్టింది, ఫ్రేము ఎక్కడ అతుక్కుంది, అమ్మకం ఎక్కడ జరిగింది అనేవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. మీవాళ్ళు మూడింటినీ కలిపేసి ఒకే తీర్పు ఇస్తున్నారు.

డెకాథ్లాన్ సంగతి కూడా అంతే. బ్యాట్లు, బూట్లు, టెంట్లు అమ్మే షాపులో సైకిల్ కొంటారా అని కొన్నేళ్ళ క్రితం మన ఊళ్ళోనే వెక్కిరించేవాళ్ళు. 2024లో ఆ కంపెనీ వాన్ రైసెల్ బండి మీద బెన్ ఓకానర్ స్పెయిన్ వుయెల్టా రేసులో 13 రోజులు ఆధిక్యంలో ఉన్నవాడి ఎర్ర జెర్సీ వేసుకుని, చివరికి రెండో స్థానంలో నిలిచాడు. ఇప్పుడు ఆ బండి గురించి అందరూ గౌరవంగా మాట్లాడుతున్నారు. ఆ షాపు మాత్రం అదే షాపు.

ఇక వింత బండ్ల మాట. వెనక్కి వాలి కూర్చుని తొక్కే రికంబెంట్ కనపడితే అది సైకిలే కాదని మీలో ఒకడు తేల్చిపారేశాడు. ‘యూసీఐ ఒప్పుకోదు’ అని దానికో కారణం కూడా చూపించాడు. సైకిల్ పందేల అంతర్జాతీయ సంఘమైన యూసీఐ ఎందుకు ఒప్పుకోదో అతనికి తెలుసా? 1933 జులైలో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి రైడర్, శార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్ మీద వాలి కూర్చుని గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అంతకుముందు 1914లో ఆస్కార్ ఎగ్ పెట్టిన రికార్డు 44.247. ఫోర్ ఆనాటి మేటి రైడర్లలో లెక్కకొచ్చేవాడు కాదు. అలాంటివాడు దాదాపు 20 ఏళ్ళ రికార్డును బద్దలుకొట్టేసరికి కలకలం రేగింది. ఆ ఆగస్టులోనే మోరిస్ రిషార్ మామూలు బండి మీద 44.777 తొక్కాడు. మరుసటి ఏడాది, 1934లో, పందెపు సైకిలంటే ఎలా ఉండాలో కొలతలతో రాసి వెలోకార్‌ను పోటీ నుంచి తప్పించారు. తక్కువ దూరం తొక్కిన రిషార్ పేరే రికార్డుగా నిలిచింది. వాలి కూర్చునే బండి నెమ్మదిదని ఎవరూ అనలేదు, వేగంగా పోయిందనే పక్కన పెట్టారు. అప్పటికే మోషే ఆరోగ్యం బాగాలేదు. ఆ ఏడాదే కన్నుమూశాడు. ఆ నిషేధం లేకుండా ఇంకో 90 ఏళ్ళు అందరూ ఆ రూపం మీద పని చేసి ఉంటే నడుంనొప్పి ఉన్న మాలాంటి పెద్దవాళ్ళకు ఈపాటికి ఎంత మంచి బండ్లు వచ్చేవో అనిపిస్తుంది నాకు.

గ్రేమ్ ఓబ్రీ కథ నీకు సగమే తెలుసు, మిగతా సగం కూడా విను. స్కాట్లాండ్‌లో చేతిలో డబ్బు ఆడని మనిషి, తన బండి తనే చేసుకున్నాడు. మోకాళ్ళు దగ్గరగా ఉండాలని క్రాంకుల మధ్య ఇరుకైన ఇరుసు కావాల్సివచ్చి, బట్టలుతికే మెషీన్‌లోని బేరింగులు తీసి వేశాడు. చేతులు రొమ్ము కింద మడుచుకుని, ముందుకు వంగి తొక్కడం అతని పద్ధతి. 1993 జులై 16న నార్వేలోని హామార్‌లో అదే గంట రికార్డు కోసం ప్రయత్నించి అందుకోలేకపోయాడు. కాళ్ళు ఇంకా తేరుకోకముందే, మరుసటి రోజు పొద్దున్నే మళ్ళీ ఎక్కాడు. గంటలో 51.596 కిలోమీటర్లు. ఫ్రాంచెస్కో మోజర్ 1984లో పెట్టిన 51.151 చెరిగిపోయింది. ఆరు రోజుల్లో క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని దాటేశాడు. ఓబ్రీ 1994 ఏప్రిల్‌లో 52.713తో మళ్ళీ లాక్కున్నాడు. ఆ ఏడాదే యూసీఐ ఆ భంగిమను నిషేధించి, సిసిలీలో జరిగిన ప్రపంచ పోటీల్లో అతన్ని పక్కకు తప్పించింది. ఇంట్లో చేసుకున్న బండి అని ఓబ్రీని చూసి మొదట నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. హామార్‌లో గంట పూర్తయ్యాక నవ్వడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

నిబంధనలు తప్పని నేననను. పందెం అన్నాక గీత గియ్యాలి. డబ్బున్న జట్టు గాలి సొరంగంలో బండి చెక్కించుకుని గెలిస్తే లేనివాడికి అన్యాయం. యూసీఐ 1996లో లుగానోలో యంత్రం కంటే మనిషికే పెద్దపీట అని రాసుకుంది. 2000 నుంచి బండి బరువు 6.8 కిలోలకు తగ్గకూడదంది. అవి పందెం నడిపేవాళ్ళ పుస్తకం. నార్సింగి నుంచి కొల్లూరు దాకా పొద్దున్న గాలికి తిరిగొచ్చేవాడికి ఆ పుస్తకంతో ఏం పని? మీ గుంపులో ఎవరూ ప్రపంచ పోటీలకు పోవడం లేదు. మీకు సంబంధంలేని చట్టంతో ఎదుటివాణ్ణి శిక్షించకండి.

పైగా రోడ్డు రైడర్లు ‘ఇది సరైన బండి’ అని గట్టిగా చెప్పిన ప్రతిసారీ కాలం వాళ్ళను కొంచెం కొంచెంగా జరిపింది. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆఁరి దెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టేది కాదు. 45 ఏళ్ళు దాటినవాళ్ళకే అవి అని రాశాడు. టూర్‌లో డిరేలర్‌ను అనుమతించింది 1937లో. ఈలోగా సేంత్-ఎతియెన్‌లో వెలోసియో అనే కలం పేరుతో పోల్ ద వివీ అనే ఆయన ఏళ్ళ తరబడి గేర్ల బండ్ల మీద కొండలెక్కుతూ, ఎక్కిస్తూ ఉన్నాడు. ఇవాళ నీ బండికి 24 గేర్లు. బ్రిటన్‌లో ఆలెక్స్ మోల్టన్ 1962లో చిన్న చక్రాల బండి తెస్తే పిల్లల ఆటబొమ్మ అన్నారు. ఆ డిసెంబరులోనే జాన్ వుడ్‌బర్న్ ఆ బండి మీద కార్డిఫ్ నుంచి లండన్ దాకా తొక్కి రికార్డు పెట్టాడు. మన ఊళ్ళో మెట్రోలో మడిచి పట్టుకుపోయే చిన్న చక్రాల బండి కనపడితే ఇది గుర్తుంచుకో. డిస్కు బ్రేకుల మీద జరిగిన గొడవ నీ కళ్ళతో చూశావు. 2016లో రేసుల్లో ఆపేశారు, 2018లో పూర్తిగా ఒప్పుకున్నారు, ఇవాళ అవి లేని కొత్త రోడ్డు బైకు దొరకడమే కష్టం. నేను 23 మిల్లీమీటర్ల టైరు మీద ఎముకలు కదిలేలా తిరిగేవాణ్ణి, సన్నటి టైరే వేగమని అందరూ నమ్మేవాళ్ళు. ఇప్పుడు రేసుల్లోనే 28, 30 వేస్తున్నారు. లావు టైరుని చూసి నవ్వే ముందు నీ టైరు పక్కన రాసిన అంకె చూసుకోమని మీవాళ్ళకు చెప్పు.

ఇంకో సంగతి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. ఏ యూసీఐ పేరు చెప్పి వింత బండ్లను తోసేస్తున్నారో, ఆ యూసీఐ కిందే పారా సైక్లింగ్ నడుస్తుంది. అందులో వాలి కూర్చుని చేతులతో తిప్పే హ్యాండ్ సైకిళ్ళున్నాయి, మూడు చక్రాల బండ్లున్నాయి, చూపులేనివాళ్ళు వెనక కూర్చుని తొక్కే టాండెమ్‌లున్నాయి. హ్యాండ్ సైకిల్ 2004 ఏథెన్స్ నుంచి పారాలింపిక్స్‌లోనూ ఉంది. మన హైదరాబాదే తీసుకో. ప్రమాదంలో కాలు పోయిన ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు తెచ్చాడు. తర్వాత తనలాంటివాళ్ళను క్రీడల్లోకి తెచ్చే పని భుజాన వేసుకున్నాడు. నీ గుంపు దగ్గరికి రేపు ఒకరు మూడు చక్రాల బండి మీద వస్తే, అతనికి తల తిరిగే జబ్బుందో, మోకాలు మార్పించుకున్నాడో, రెండు చక్రాల మీద నిలబడలేని కారణం ఇంకేముందో నీకు తెలియదు. అడగాల్సిన పనీ లేదు. రమ్మని చెప్పు, చాలు.

దూరాలు తొక్కేవాళ్ళ దగ్గర ఈ జబ్బు తక్కువ, అది చూస్తే నాకు ముచ్చటేస్తుంది. బ్రెవెలనే దూరపు రైడ్లు తొక్కే ఆడాక్స్ పద్ధతిలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. రాత్రయితే లైటూ, కాంతి పడితే మెరిసే జాకెట్టూ ఉండాలి. మనిషి బలంతోనే నడవాలి. బండి ఆకారం గురించి పట్టింపు లేదు. నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో మొదలైంది, ఇప్పుడు 1200 కిలోమీటర్లను 90 గంటల్లోపు ముగించాలి. అందులో రికంబెంట్లు, టాండెమ్‌లు, చేప ఆకారపు గుల్లలో కూర్చుని తొక్కే వెలోమొబైళ్ళు అన్నీ వస్తాయి, వాటికి వేరే వరుస కట్టి పంపుతారు. మన దేశం నుంచి కూడా వెళ్తున్నారు. తెల్లవారుజామున మూడింటికి, నిద్రతో తూలుతూ పోయేటప్పుడు పక్కన వచ్చే లైటు ఏ బండిదని ఎవరూ అడగరు.

మీ గుంపులో కొన్ని బండ్లను వద్దనడానికి నిజమైన కారణాలూ ఉన్నాయి. వాటిని చెప్పే పద్ధతి వేరు. చక్రానికి చక్రం ఆనించినట్టు వరుసగా పోయేటప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన ఏరో బార్ల మీద చేతులు పెట్టుకున్నవాడు బ్రేకుకు దూరంగా ఉంటాడు. రికంబెంట్ మీద కూర్చున్నవాడి తల కిందుగా ఉంటుంది, ముందు గుంత అతనికి కనపడదు, అతని వెనకవాడికి గాలి ఆసరా దొరకదు. బరువైన లావు టైర్ల బండి 32 వేగంలో మీ వెంట రాలేదు. ఇవి పద్ధతికి, భద్రతకు సంబంధించినవి. ‘బాబూ, ఈ వరుసలో కాకుండా కొంచెం వెనకగా రండి, ఎందుకంటే...’ అని కారణం చెప్తే ఎవరూ నొచ్చుకోరు. కారణం చెప్పకుండా పళ్ళు ఇకిలిస్తే మళ్ళీ రారు. అలా ఒకసారి రాకుండా పోయినవాడి బండిలో ఏ నట్టు వదులుగా ఉందో ఇంక ఎవరూ చూడరు.

అల్లుడూ, ఇంకొకళ్ళ గురించి కూడా చెప్పాలి. మీరు బయల్దేరే వేళకే డ్యూటీ దిగిన వాచ్‌మన్ ఇంటికి పోతుంటాడు, పాలవాడు క్యాన్లు కట్టుకుని పోతుంటాడు, క్యారేజీ మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని మేస్త్రీ పనికి పోతుంటాడు. 20 కిలోల ఇనుప హీరో బండి, అట్లాస్ బండి, గేర్లు లేవు, అయినా ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆగరు. మీ చేతి సైగలు వాళ్ళకూ పనికొస్తాయి. వాళ్ళను దాటేటప్పుడు గంట కొట్టి, చోటు ఇచ్చి వెళ్ళండి. ఆ రోడ్డు మీద మీకంటే ముందునుంచీ తొక్కుతున్నది వాళ్ళే.

షాపులవాళ్ళ బాధ కూడా నాకు తెలుసు, అందుకే ఇది చెబుతున్నాను. ఆన్‌లైన్ వచ్చాక మా కాలపు సైకిల్ షాపులు చాలా మూతబడ్డాయి. పెట్టెలో వచ్చిన బండి తెస్తే కొందరు మెకానిక్‌లు ‘ఎక్కడ కొన్నావో అక్కడికే పో’ అంటున్నారు. వాళ్ళ కడుపుమంట అబద్ధం కాదు. దానికి మందు నీ చేతిలో కొంత ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు చెప్పు, మిగిలిన డబ్బులో కొంత తీసి మెకానిక్‌కు ఇవ్వమని. బేరం ఆడకుండా, పూర్తిగా విప్పి, గ్రీజు పెట్టి, చువ్వలు సరిచేసి, రిమ్ము బెండు తీసి ఇవ్వమని అడగమను. నెల తిరిగాక మళ్ళీ ఒకసారి చూపించమను, ఎందుకంటే కొత్త చువ్వలు తొక్కేకొద్దీ సర్దుకుని వదులవుతాయి. మీ గుంపు పరిచయంతో ఒక మంచి మెకానిక్‌కు నెలకు నాలుగు పెట్టె బండ్లు వస్తే అతనికీ ఆసరా, ఆ నలుగురికీ ధైర్యం.

ఇక నీకు నేను చెప్పే పని. రైడ్ మొదలవడానికి ముందు ఓ పావుగంట అందరి బండ్లూ చూడండి. ఖరీదైనవీ, చవకవీ, వింతవీ ఏదీ వదలొద్దు. ముందుచక్రం మీట నుంచి మొదలుపెట్టి, బ్రేకు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి మెడ బేరింగు చూసి, హ్యాండిల్ మరలు, క్రాంకు ఊగుతుందా, పెడళ్ళు, చైను, వెనకచక్రం. లక్షల బండి ఎక్కేవాడు కూడా హ్యాండిల్ మరలు అతిగా బిగించి కార్బన్‌ను నలిపేస్తాడు, నీకు తెలియంది కాదు. అందరి బండీ చూస్తే ఎవరికీ తలవంపు అనిపించదు. నెలకో ఆదివారం 20 వేగం దాటని రైడ్ పెట్టు, దాన్ని నువ్వే నడిపించు, మంచి తొక్కుడుగాళ్ళను వెనక ఉంచు.

నా టార్క్ పానా నీకు ఇచ్చేస్తున్నాను. హ్యాండిల్ మరలకు మామూలుగా 5 న్యూటన్ మీటర్లు, అయినా ప్రతి భాగం మీద రాసిన అంకె చూసుకునే బిగించు. శనివారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు, అత్తయ్య కూడా నిన్ను చూసి చాలా రోజులైందంటోంది. గాలి పంపులు రెండున్నాయి, ఒకటి తీసుకో. గ్రీజు డబ్బా మాత్రం కొత్తది కొను, నా దగ్గరున్నది ఎండిపోయింది.